తుపాకీ గేములకు తాళం ఎవరు వేయాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పిల్లలు ఆడే హింసాత్మక వీడియో గేముల మీద, వాటిపై ప్రభుత్వ ఆంక్షల మీద పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. చట్టం సంగతులతో పాటు ఇంట్లో ఫోన్‌ను ఎలా సరిచేసుకోవాలో కూడా ఉంది.

ప్రశ్న: 2020లో ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. ఏడాది తిరక్కుండానే అదే ఆట బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో వచ్చింది. మధ్యలో పోయింది, మళ్ళీ వచ్చింది. హింస ఉందని నిషేధిస్తే, ఆ హింస ఇప్పుడు ఎక్కడికి పోయినట్టు?
– ఒక తండ్రి, హనుమకొండ

హింస ఉందని ఆ ఆటను నిషేధించలేదండీ. చాలామందికి ఇక్కడే పొరపాటు జరుగుతోంది.

2020 సెప్టెంబరు 2న కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖ పబ్జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను ఆపేసింది. వాడిన అధికారం ఐటీ చట్టం 2000లోని 69ఏ సెక్షన్. ఈ సెక్షన్ కింద దేన్నైనా ఆపాలంటే చట్టంలో రాసిన కారణాల్లో ఒకటి ఉండాలి: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజా శాంతి, లేదా వీటికి సంబంధించిన నేరానికి ఎవరినైనా పురిగొల్పడం. పిల్లల మనసు పాడవుతుందన్న మాట గానీ, నెత్తురు చూపిస్తున్నారన్న మాట గానీ అందులో లేవు. గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా కంపెనీల చేతిలో మన జనం డేటా ఉండకూడదన్నది అప్పటి ఆలోచన. పబ్జీ మొబైల్‌ను ఇక్కడ నడిపించింది చైనాకు చెందిన టెన్సెంట్. అందుకే అది జాబితాలోకి ఎక్కింది.

కారణం డేటా కాబట్టి పరిష్కారం కూడా డేటా వైపు నుంచే వచ్చింది. దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ టెన్సెంట్‌ను పక్కకు తప్పించి, 2021 జులై 2న బీజీఎంఐ పేరుతో ఆటను తెచ్చింది. 2022 జులై 28న అదీ ప్లే స్టోర్, యాప్ స్టోర్‌ల నుంచి మాయమైంది. 2023 మే నెలలో మూడు నెలల పరిశీలన షరతు మీద తిరిగొచ్చింది. ఆ రాకలో 18 ఏళ్ల లోపు వారికి రోజుకు 3 గంటలు, పెద్దవాళ్ళకు 6 గంటలు అని పరిమితి పెట్టారు. నెత్తురు రంగు ఎరుపు కాకుండా ఆకుపచ్చ చేశారు. తుపాకీ అదే, చంపడమూ అదే. రంగు మార్చినంత మాత్రాన పదేళ్ల పిల్లవాడికి తగిన ఆట అయిపోదు.

ఫ్రీ ఫైర్ అనే మరో తుపాకీ ఆటది కూడా ఇదే దారి. 2022 ఫిబ్రవరి 14న ఆపిన 54 యాప్‌లలో అదీ ఉంది. దాని అన్నలాంటి ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం స్టోర్‌లో అలాగే ఉండిపోయింది. పిల్లలు ఒకదాన్ని తీసేసి రెండోదానిలోకి మారారు.

69ఏ ఉత్తర్వుల్లో ఇంకో ఇబ్బంది ఉంది. 2009 నాటి బ్లాకింగ్ నిబంధనల్లో 16వ నిబంధన ప్రకారం ఫిర్యాదులూ, వాటి మీద తీసుకున్న చర్యలూ గోప్యంగా ఉంచాలి. ఏ గేమ్‌ను ఏ వివరమైన కారణంతో ఆపారో తల్లిదండ్రులకు తెలిసే వీలే ఉండదు. కారణం తెలియని నిషేధం నుంచి ఇంట్లో పెద్దలు నేర్చుకునేది ఏమీ ఉండదు. అది ఎత్తేశాక "ప్రభుత్వమే ఒప్పుకుంది కదా నాన్నా" అని పిల్లవాడు అడిగితే చెప్పడానికి మాట కూడా దొరకదు.

ప్రశ్న: రాష్ట్ర ప్రభుత్వం గానీ, జిల్లా కలెక్టర్ గానీ ఒక హింసాత్మక గేమ్‌ను నిషేధించగలరా?
– లా విద్యార్థిని, గుంటూరు

ఒకసారి చేసి చూశారు. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసు కమిషనర్ పబ్జీ ఆడటాన్ని నిషేధిస్తూ ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటనకు ఆధారం నేర విచారణ ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ) 144 సెక్షన్. అంటే నలుగురు గుమిగూడకుండా ఆపడానికి మనకు బాగా తెలిసిన సెక్షనే. కొద్ది రోజుల్లోనే ఫోన్‌లో ఆడుతూ దొరికారని పది మందిని అరెస్టు చేసి బెయిలు మీద వదిలారు. వాళ్ళలో ఎక్కువ మంది కాలేజీ పిల్లలు. ఆట తయారుచేసిన కంపెనీకి, దాన్ని పంచుతున్న స్టోర్‌కు చీమ కుట్టినట్టయినా కాలేదు. ఆడిన కుర్రాడి మీద మాత్రం కేసు పడింది. ఇంతకంటే తలకిందుల పద్ధతి ఉండదు.

పైగా ఆ సెక్షన్ తాత్కాలిక ప్రమాదాల కోసం రాసినది. ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి నిలవదు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగించినా మరో ఆరు నెలలే. 2024 జులై 1 నుంచి అదే అధికారం, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 163వ సెక్షన్‌లోకి వచ్చింది. పరిమితులు మాత్రం మారలేదు.

"తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ గేమ్‌లు నిషేధించారు కదా" అని కొందరు అడుగుతారు. అవి డబ్బు కాసి ఆడే రమ్మీ, పేకాట లాంటి వాటి మీద తెచ్చిన సవరణలు. రాజ్యాంగంలో పందేలు, జూదం రాష్ట్ర జాబితాలో 34వ అంశం కాబట్టి రాష్ట్రాలు అటు నుంచి వెళ్ళాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బు చుట్టూ తిరిగేదే. డబ్బు పెట్టి ఆడించే గేమ్ నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఆడినవాడికి శిక్ష లేదు, అది మంచి మార్పు. ఈ-స్పోర్ట్స్‌ను, అంటే క్రీడల్లా పోటీలు పెట్టి ఆడే వీడియో గేమ్‌లను మాత్రం ఆ చట్టమే గుర్తించి ప్రోత్సహించమంటుంది. గేమ్‌లో ఎన్ని తలలు ఎగిరాయన్నది ఆ చట్టానికి కొలమానం కాదు.

రాష్ట్రం హింస మీదే సొంత చట్టం తేదలచుకుంటే రాష్ట్ర జాబితాలో 33వ అంశం ఉంది. వినోదాలు, క్రీడలు అందులోకి వస్తాయి. ఊళ్ళో ఉన్న గేమింగ్ పార్లర్‌ను నియంత్రించడానికి అది సరిపోతుంది. ఇంటర్నెట్‌లో దిగే యాప్ విషయానికి వచ్చేసరికి సమాచార ప్రసారాలు కేంద్ర జాబితాలో ఉన్నాయన్న వాదన ఎదురవుతుంది. రాజ్యాంగం 19(1)(ఏ) అధికరణ ఇచ్చిన వాక్‌స్వాతంత్ర్యం వాదన సరేసరి.

మీరు లా చదువుతున్నారు కాబట్టి ఒక పాత చట్టం కూడా చూడండి: యంగ్ పర్సన్స్ (హార్మ్‌ఫుల్ పబ్లికేషన్స్) యాక్ట్, 1956. నేరాలను, హింసను, క్రూరత్వాన్ని, జుగుప్సను చిత్రిస్తూ 20 ఏళ్ల లోపు వారిని చెడగొట్టేలా ఉన్న ప్రచురణలను అమ్మినా, అద్దెకిచ్చినా నేరం. పుస్తకం, పత్రిక, కరపత్రం లాంటి అచ్చు సరుకును దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టమది. బొమ్మల పుస్తకాల మీద అమెరికా, బ్రిటన్‌లలో గగ్గోలు పుట్టిన రోజులవి. పిల్లలకు హాని చేసే హింసను ఎలా నిర్వచించాలన్న ప్రశ్న మన పార్లమెంటుకు డెబ్బై ఏళ్ల కిందటే ఎదురైంది. ఫోన్ తెర దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన ఆగిపోయింది.

ప్రశ్న: మా చిన్నవాడికి 11 ఏళ్లు. గన్ గేమ్‌లు ఆడాక చెల్లిని తోస్తున్నాడు, అరుస్తున్నాడు. ఈ ఆటలు పిల్లల్ని నేరస్థుల్ని చేస్తాయా?
– ఒక తల్లి, విజయవాడ

అమ్మా, మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. విడదీసి చూస్తే కొంత భయం తగ్గుతుంది.

అరవడం, తోయడం లాంటి చిన్నపాటి దూకుడుకూ, హింసాత్మక గేమ్‌లకూ కొద్దిపాటి సంబంధం కనిపిస్తోందని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020 మార్చిలో సవరించిన తీర్మానంలో చెప్పింది. అదే తీర్మానంలో, నిజ జీవితపు హింసను, అంటే హత్యల్లాంటి వాటిని గేమ్‌లకు అంటగట్టడానికి చాలినంత శాస్త్రీయ ఆధారం లేదని కూడా స్పష్టంగా చెప్పింది. కాల్పులు జరిగిన ప్రతిసారీ గేమ్‌ను బోనులో నిలబెడితే అసలు కారణాలు తప్పించుకుంటాయన్నది వాళ్ళ ఆందోళన.

పరిశోధనలు ఎందుకు ఒక మాట మీద లేవంటే, దూకుడును ప్రయోగశాలలో కొలవడం కష్టం. ఎక్కువగా వాడిన పద్ధతి ఇది: గేమ్ ఆడించాక, కనిపించని ప్రత్యర్థితో బటన్ నొక్కే పోటీ పెడతారు. గెలిచినవాడు ఓడినవాడికి చెవిలో ఎంత పెద్ద మోత, ఎంతసేపు వినిపించాలో ఎంచుకుంటాడు. అదే "దూకుడు". ఇంకో పద్ధతిలో, కారం పడదని చెప్పిన మనిషికి ఎంత కారపు సాస్ వడ్డిస్తాడో చూస్తారు. మోతకు గట్టిదనం లెక్కెయ్యాలా, నిడివి లెక్కెయ్యాలా, రెండూ గుణించాలా అన్నదానికి ఒకే పద్ధతి లేదు. నూటయాభైకి పైగా రకాలుగా లెక్కలు వేశారని తర్వాత తేలింది. లెక్క మారితే ఫలితం మారిపోతుంది.

2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 14, 15 ఏళ్ల పిల్లలు 1004 మందిని తీసుకున్నారు. ఏం విశ్లేషిస్తారో ముందే రాసి నమోదు చేసి, దాని ప్రకారమే చేశారు. గేమ్ ఎంత హింసాత్మకమో పిల్లల మాట మీద కాకుండా అధికారిక రేటింగ్ చూసి నిర్ణయించారు. పిల్లల దూకుడు గురించి తల్లిదండ్రులను అడిగారు. సంబంధం కనిపించలేదు. అయితే వాళ్ళు 14, 15 ఏళ్ల వాళ్ళు. మీ బాబుకు 11. ఆ ఫలితాన్ని తెచ్చి చిన్నపిల్లలకు అతికించి "ఏం ఫర్వాలేదు" అనడం కూడా తప్పే.

మీ ఇంట్లో చూడాల్సినవి మూడున్నాయి. మొదట నిద్ర. రాత్రి పదకొండు దాకా ఆడిన పిల్లవాడు మర్నాడు ఏ ఆట ఆడకపోయినా చిరాకుగానే ఉంటాడు. వారం పాటు రాత్రి 8 తర్వాత ఫోన్ మీ గదిలో చార్జింగ్ పెట్టి తేడా చూడండి. రెండోది, మధ్యలో ఆపించడం. చివరికి ఒక్కరో ఒక్క జట్టో మిగిలేదాకా ఆడే బ్యాటిల్ రాయల్ రౌండ్ అరగంట దాకా సాగుతుంది, మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. ఇరవయ్యో నిమిషంలో ఫోన్ లాక్కుంటే ఓటమి, స్నేహితుల తిట్లు రెండూ కలిసి వస్తాయి. చెల్లిని తోసేది ఎక్కువగా అప్పుడే. అందుకే గడియారం చూసి కాకుండా "ఇది ఆఖరి రౌండ్" అని మొదలవకముందే చెప్పాలి. మూడోది మైకు. తెర మీది తూటా కంటే చెవిలో పడే బూతులు పిల్లవాడి నోటికి త్వరగా వస్తాయి.

చదువు, తిండి, స్నేహాలు దెబ్బతింటున్నా ఆపుకోలేకపోవడం, మిగతా అన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం తెలిసీ కొనసాగించడం: ఇవి మామూలుగా 12 నెలల పాటు ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ప్రకారం అది "గేమింగ్ డిజార్డర్". 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. దానికి హింస ఉన్న గేమే కానక్కర్లేదు, క్యాండీలు కలిపే గేమైనా చాలు. సలహాకు టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటున్నాం. 17 ఏళ్లు దాటినవాళ్ళకని రాసి ఉన్న గేమ్‌ను 13 ఏళ్ల పిల్లలకు అమ్మితే ఇక్కడ నేరం కాదట. నిజమా?
– ఒక పాఠకుడు, డాలస్

నిజమే. కాలిఫోర్నియా 2005లో ఒక చట్టం చేసింది. హింసాత్మక గేమ్‌ను 18 లోపు వారికి అమ్మినా, అద్దెకిచ్చినా వెయ్యి డాలర్ల వరకు జరిమానా, పెట్టె మీద కనీసం 2 అంగుళాలు పొడవు, 2 అంగుళాలు వెడల్పు ఉన్న "18" గుర్తు. అది అమల్లోకి రాకముందే కోర్టుకెక్కింది. 2011 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు 7–2తో కొట్టేసింది. పుస్తకాలకూ నాటకాలకూ ఉన్న రక్షణే గేమ్‌లకూ ఉంటుందని జస్టిస్ స్కాలియా రాశారు. పిల్లలకు చెప్పే గ్రిమ్ కథల్లో కూడా మంత్రగత్తెను పొయ్యిలో కాల్చేస్తారు కదా అని గుర్తు చేశారు. విడిగా రాసిన జస్టిస్ బ్రేయర్ వాదన కూడా బలమైనదే: నగ్నచిత్రమున్న పత్రికను 13 ఏళ్ల పిల్లవాడికి అమ్మకుండా ఆపగలిగిన ప్రభుత్వం, ఒక స్త్రీని కట్టేసి హింసించి చంపే గేమ్‌ను మాత్రం ఆపలేకపోవడం ఏమిటని ఆయన అడిగారు. మా మనసు బ్రేయర్ వైపే మొగ్గుతుంది.

చట్టం లేకపోయినా దుకాణం దగ్గర కట్టడి మాత్రం వచ్చింది. మోర్టల్ కాంబాట్ మీద 1993 డిసెంబరులో సెనేట్ విచారణ పెట్టాక, చట్టం తెస్తారన్న భయంతో పరిశ్రమే 1994లో ఈఎస్ఆర్‌బీ అనే వయసు రేటింగులు పెట్టుకుంది. తర్వాత ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పిల్లలను మారు కొనుగోలుదారులుగా పంపి పరీక్షించింది. 2000లో ఎం రేటింగ్ (17 ఏళ్లు, ఆపైవారికి) గేమ్ అడిగిన పిల్లల్లో 85 శాతానికి అమ్మారు. 2012 పరీక్షలో 13 శాతానికే. లెక్క బయటపెట్టి దుకాణాలను నిలదీయడం పనిచేసిందన్నమాట. ఇప్పుడు పిల్లలు పెట్టె కొనడం లేదు, డౌన్‌లోడ్ చేస్తున్నారు కాబట్టి ఆ కౌంటర్ మీ ఇంటి కన్సోల్‌లోనే ఉంది. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లలో పిల్లల ఖాతా విడిగా తెరిచి వయసు హద్దు పెట్టే ఏర్పాటుంది. కంప్యూటర్‌లో ఆడే స్టీమ్‌లో అయితే పిల్లల ఖాతాకు ఏ గేమ్‌లు తెరుచుకోవాలో మీరే ఎంచుకోవచ్చు. మీ ఖాతాలోనే వాళ్ళను ఆడనిస్తే ఏ రేటింగూ పనిచేయదు.

ప్రశ్న: చైనాలోలా గంటలు కట్టడి చేస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

చైనా 2021 నుంచి మైనర్లకు శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ రాత్రి 8 నుంచి 9 వరకే ఆన్‌లైన్ గేమ్ అంది. దానికి ముందు 2019లో మామూలు రోజుల్లో గంటన్నర అని పెట్టారు. ఆ 2019 కట్టడి మీద 2023లో ఒక అధ్యయనం వచ్చింది. ఏడు వందల కోట్ల గంటల ఆట లెక్కలు చూసినా, అతిగా ఆడేవాళ్ళు తగ్గారనడానికి నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. దక్షిణ కొరియా 2011లో 16 లోపు వారికి అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆటలు మూసేసి, పదేళ్ల తర్వాత 2021లో ఆ నియమాన్ని రద్దు చేయాలని నిర్ణయించింది. ఈలోగా పిల్లలు కంప్యూటర్ నుంచి ఫోన్‌కు మారిపోయారు, పెద్దవాళ్ళ నంబర్లతో లాగిన్ అయ్యారు. మన దగ్గరా నానమ్మ ఆధార్, నాన్న ఓటీపీ ఉన్నంతవరకు గంటల నిబంధన కాగితం మీదే ఉంటుంది.

ప్రశ్న: ఫోన్‌లో పేరెంటల్ కంట్రోల్ పెట్టాను. రెండు రోజుల్లో మా అబ్బాయి తీసేశాడు. ఎక్కడ తప్పు చేశాను?
– ఒక గృహిణి, ఖమ్మం

చాలామంది ప్లే స్టోర్‌లోని తాళం ఒక్కటే వేసి ఆగిపోతారు. దాన్ని పెట్టే దారి: ప్లే స్టోర్ తెరిచి పైన కుడివైపు ఫొటో గుర్తు, సెట్టింగ్స్, ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్, ఆన్ చేసి నాలుగంకెల పిన్, తర్వాత యాప్స్ అండ్ గేమ్స్‌లో వయసు ఎంచుకుని సేవ్. మన దేశంలో ప్లే స్టోర్ గేమ్‌లకు 3, 7, 12, 16, 18 అన్న మెట్లున్నాయి. పదేళ్ల పిల్లలకు 7 దగ్గర ఆపండి.

ఈ తాళానికి నాలుగు కన్నాలున్నాయి. ఇప్పటికే ఫోన్‌లో ఉన్న గేమ్‌ను ఇది తీసేయదు, అది మీరే తీసేయాలి. ఈ తాళం పెట్టిన ఫోన్‌కే వర్తిస్తుంది, తాతయ్య ఫోన్‌లో విడిగా పెట్టాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో ప్లే స్టోర్ యాప్ స్టోరేజ్‌కు వెళ్ళి "క్లియర్ డేటా" నొక్కితే పిన్‌తో సహా తాళం ఎగిరిపోతుంది. మీ వాడు చేసింది బహుశా ఇదే, యూట్యూబ్‌లో చూసి ఎవరైనా చేయగలరు. నాలుగోది ఏపీకే. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో వచ్చిన గేమ్ ఫైలును నొక్కి ఎక్కించుకుంటే ప్లే స్టోర్‌తో పనే లేదు. నిషేధించిన గేమ్‌లు బతికిందే ఈ దారిలో. "అన్‌లిమిటెడ్ డైమండ్స్" (గేమ్‌లో వాడే డబ్బు) ఇస్తామని పంచే మోడ్ ఫైళ్ళలో, అంటే బయటివాళ్ళు మార్చేసిన గేమ్ ఫైళ్ళలో దొంగ సాఫ్ట్‌వేర్ ఉండే ప్రమాదం ఎక్కువ.

అందుకని ఈ వరసలో చేయండి. ముందు ఏపీకే దారి మూయండి: సెట్టింగ్స్‌లో పైనున్న వెతికే గడిలో "అన్‌నోన్" అని కొడితే "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" వస్తుంది. అందులో క్రోమ్, ఫైల్స్, వాట్సాప్, టెలిగ్రామ్ ఒక్కొక్కటీ తెరిచి ఆఫ్ చేయాలి. ఫోన్ కంపెనీని బట్టి పేర్లు కాస్త మారతాయి. తర్వాత మీ ఫోన్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ను మీ ఫోన్ నుంచి అదుపు చేసే యాప్) వేసుకుని, పిల్లవాడి పేరుతో కొత్త గూగుల్ ఖాతా మీరే తెరవండి. పుట్టిన తేదీ నిజమైనదే ఇవ్వాలి. త్వరగా అయిపోతుందని పుట్టిన సంవత్సరం వెనక్కి జరిపితే గూగుల్ దృష్టిలో వాడు పెద్దవాడు, ఆ తర్వాత ఏ కట్టడీ నిలవదు. పిల్లవాడి ఫోన్‌లో ఆ ఖాతానే ఉంచి, ఇంకో గూగుల్ ఖాతా ఉంటే తీసేయండి. ఫ్యామిలీ లింక్‌లో ప్రతి డౌన్‌లోడ్‌కూ మీ అనుమతి కావాలని పెట్టి, రోజువారీ సమయం, రాత్రి ఫోన్ మూసుకునే వేళ పెట్టండి. కొన్ని ఫోన్లలో "సెకండ్ స్పేస్" అని రెండో ఫోన్ లాంటిది దాగి ఉంటుంది, అదీ చూడండి.

ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్, కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్‌లో యాప్‌ల వయసు హద్దు ఉంటుంది. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్, ఫోన్ తెరిచే పాస్‌కోడ్ ఒకటే పెట్టకండి.

చివరగా గేమ్ లోపలికి వెళ్ళి వాయిస్ చాట్ ఆపేయండి, లేదా టీమ్‌కే పరిమితం చేయండి. ఇదంతా పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకు చేస్తున్నారో చెబుతూ చేయండి. చాటుగా చేసిన తాళాన్ని వాడూ చాటుగానే తీస్తాడు.

ప్రశ్న: మా పాప గేమ్‌లో తుపాకీ స్కిన్ల (తుపాకీ రూపు మార్చే అలంకారాల) కోసం రూ. 8,400 ఖర్చు చేసింది. వెనక్కి వస్తాయా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే 48 గంటల్లోపు గూగుల్‌నే వాపసు అడగండి. గడువు దాటితే గేమ్ కంపెనీకి రాయాలి. ప్లే స్టోర్‌లో ఫొటో గుర్తు నొక్కి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, అందులో బడ్జెట్ అండ్ హిస్టరీకి వెళ్తే ప్రతి కొనుగోలూ ఆర్డర్ నంబరుతో ఉంటుంది. కొన్నది మైనర్ అని, పాప వయసు ఎంతో రాయండి. కాంట్రాక్ట్ చట్టం 1872, 11వ సెక్షన్ ప్రకారం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అయితే ఓటీపీ, పిన్ మీవే కాబట్టి నిరూపించే భారం మీ మీదే పడుతుంది. కొన్న స్కిన్ల స్క్రీన్‌షాట్‌లు, కొన్న సమయానికి మీరు ఆఫీసులో ఉన్నారన్న ఆధారం ఉంటే జతచేయండి.

ఇకముందు "ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ" అన్న సెట్టింగ్ పెట్టి, సేవ్ అయిన కార్డులు తీసేయండి. దుకాణంలో నగదుకు దొరికే రీచార్జ్ కోడ్‌లతో కొంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జాడ ఉండదు. ఆ బడ్జెట్ అండ్ హిస్టరీ పేజీని నెలకోసారి చూడండి. గేమ్ ఐడీ అమ్ముతామనో, డైమండ్లు సగం ధరకు ఇస్తామనో బయటివాళ్ళు మోసం చేస్తే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

ప్రశ్న: ఎనిమిది కంప్యూటర్లతో గేమింగ్ సెంటర్ పెట్టాలనుకుంటున్నాను. పిల్లలను రానివ్వొచ్చా?
– ఒక యువకుడు, తిరుపతి

ఇంటర్నెట్ ఇస్తున్నారు కాబట్టి 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనలు మీకూ వర్తిస్తాయి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వచ్చిన ప్రతివారి గుర్తింపు చూసి రిజిస్టరులో రాయాలి, కనీసం ఏడాది ఉంచాలి. మైనర్ దగ్గర స్కూలు గుర్తింపు కార్డు లాంటిది లేకపోతే గుర్తింపు ఉన్న పెద్దవాళ్ళు వెంట ఉండాలి. క్యాబిన్‌ల గోడ నేల నుంచి నాలుగున్నర అడుగులు దాటకూడదు. క్యాబిన్‌లో కూర్చోవాలంటే మైనర్‌కు తల్లిదండ్రులో సంరక్షకులో తోడుండాలి. క్యాబిన్ లేని కంప్యూటర్ల తెరలు అందరికీ కనిపించేలా బయటికి తిరిగి ఉండాలి. గేమ్ రేటింగ్ చూడమని ఈ నిబంధనల్లో లేదు. అయినా ప్రతి కంప్యూటర్‌లో పిల్లలకు, పెద్దలకు విడి ఖాతాలు పెట్టి, 16 పైబడిన గేమ్‌లను పెద్దల ఖాతాలోనే ఉంచండి. బడి వేళల్లో యూనిఫాం ఉన్నవాళ్ళను రానివ్వకండి.

ప్రశ్న: మా కాలనీ తల్లిదండ్రులం కలిసి ఈ గేమ్‌లన్నీ నిషేధించమని కేంద్రానికి వినతిపత్రం రాస్తున్నాం. ఏం రాయమంటారు?
– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నల్గొండ

"అన్నీ నిషేధించండి" అని రాయకండి మాస్టారూ. పైన చెప్పుకున్నట్టు, నిషేధం వచ్చినా పేరు మార్చుకుని తిరిగొస్తుంది, లేదా ఏపీకే రూపంలో ఏ రేటింగూ ఏ తాళమూ లేకుండా వస్తుంది. రెండోది మరీ ప్రమాదం.

సాధ్యమైన పని ఒకటుంది. 2021 ఐటీ నిబంధనలు ఓటీటీ సినిమాలకు, సిరీస్‌లకు యూ (అందరికీ), యూ/ఏ 7+, 13+, 16+, 'ఏ' (పెద్దలకు మాత్రమే) అన్న వర్గీకరణను తప్పనిసరి చేశాయి. హింస ఎంత ఉందన్నది అందులో ఒక కొలమానం. 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ ఇవ్వాలి, 'ఏ' అన్న వర్గానికి నమ్మదగిన వయసు తనిఖీ ఉండాలి, కార్యక్రమం మొదట్లోనే వర్గీకరణ కనిపించాలి. థియేటర్ సినిమాకూ 2023 సవరణతో ఇవే మెట్లు వచ్చాయి. ఒకే హింస సినిమాగా చూస్తే ఇన్ని నియమాలున్నాయి. అదే హింసను పిల్లవాడు తన చేత్తో ట్రిగ్గర్ నొక్కి చేసే గేమ్‌కు మాత్రం కంపెనీ తానే ప్రశ్నావళి నింపి తెచ్చుకున్న స్టోర్ రేటింగే దిక్కు. దాన్ని పాటించకపోతే అడిగే అధికారి లేడు.

కాబట్టి ఇవి అడగండి. ఓటీటీ వర్గీకరణను గేమ్‌లకూ వర్తింపజేయాలి. తప్పు రేటింగ్ వేస్తే, మైనర్‌కు తెలిసీ అందిస్తే జరిమానా స్టోర్‌కూ కంపెనీకీ పడాలి, ఆడిన పిల్లల మీద కేసు ఉండకూడదు. అమెరికాలో చేసినట్టు ప్రభుత్వమే ఏటా మారు ఖాతాలతో తనిఖీ చేసి, ఏ స్టోర్ ఎంత శాతం తప్పిందో బయటపెట్టాలి. తల్లి ఫోన్‌కు వచ్చే ఒక్క ఓటీపీని తల్లిదండ్రుల సమ్మతిగా ఒప్పుకోకూడదు. ఆ ఫోన్ పిల్లవాడి చేతిలోనే ఉంటుంది. 2023 డేటా రక్షణ చట్టం 9వ సెక్షన్ 18 లోపు వారికి "నిర్ధారించదగిన" సమ్మతి కావాలంటోంది. ఆ మాటనే మీ వినతిలో ఎత్తి రాయండి.

ఇంకొకటి జతచేయండి. వయసు అంకె పక్కన ఆ వయసు ఎందుకో తెలుగులోనూ చెప్పాలి: నెత్తురు, తుపాకులు, అపరిచితులతో మాటలు, డబ్బుతో కొనే వస్తువులు అని నాలుగు మాటలు. స్టోర్ పేజీలో ఒక మూల చిన్న అక్షరాల్లో కాదు, గేమ్ తెరిచిన ప్రతిసారీ మొదటి తెర మీద.